సింకు కింది అలమర

ఇంటికి వచ్చిన చుట్టాలకు వంటిల్లు చూపించేటప్పుడు మనం అన్ని అలమరలూ తెరుస్తాం, ఒక్కటి తప్ప. పప్పుడబ్బాల అర తెరుస్తాం. లాగితే జర్రున వచ్చే చెంచాల సొరుగు చూపిస్తాం. మూలనున్న తిరుగుడు అరను ఒక చుట్టు తిప్పి, వచ్చినామె ముఖంలోకి ఒకసారి చూస్తాం కూడాను. సింకు కింది తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం హఠాత్తుగా కాఫీ ప్రస్తావన వస్తుంది. ఆ తలుపు వెనక ఫినాయిలు సీసా, నేల తుడిచే గుడ్డ, విరిగిన బకెట్టు మూత, ఎందుకు దాచామో మనకే గుర్తులేని నాలుగు డబ్బాలు చీకట్లో కాపురం చేస్తూ వుంటాయి. ఈ వారం నేను మాట్లాడబోయేది ఆ చీకటిని గురించే. తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి ఇదేం పని అని మీరనవచ్చు. మా ఆవిడా ఆ మాటే అన్నది. కాని ఆ అలమర అడుగున చేరిన చెమ్మ మా యింట్లో ఒక మనిషి మీద నిందగా పైకి తేలింది. అంచేత చెప్పక తప్పదు.

మేము వుండేది సుల్తాన్‌పూర్‌లో; పటాన్‌చెరు దాటి వచ్చాక, అవుటర్ రింగు రోడ్డు పక్కన. 2017లో ఇక్కడ వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగింది. ఆ తరవాత ఒక్కొక్క ఫ్యాక్టరీ, వాటి వెనకే ఒక్కొక్క అపార్టుమెంటు లేచాయి. అలా లేచిన వాటిలో ఒకదానిలో మూడో అంతస్తు మాది. బ్యాంకు అప్పు నాది. వంటింటి చెక్కపని మాత్రం మా ఆవిడ చీటీ పాడి ఎత్తిన డబ్బుతో చేయించింది. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ఆ చెక్క ఉబ్బినప్పుడు ఆమెకు వచ్చిన కోపం చెక్కను గురించి వచ్చిన కోపం కాదు. నలభై నెలలు నెలనెలా కట్టిన డబ్బు కళ్ళముందు నీళ్ళలో నానుతుంటే ఎవరికి మాత్రం రాదు?

నాలుగేళ్ళు తిరక్కుండానే ఒకనాడు ఆ తలుపు మూసుకోనని మొరాయించింది. వంగి చూద్దును గదా, అడుగు పలక మధ్యలో పూరీలా పొంగి వున్నది. పైన అంటించిన తెల్లని సన్‌మైకా ఒక అంచున లేచి నాలుక చాపినట్లుంది. తలుపుకింద, నేలకు ఆనివున్న అడుగుపట్టీ నల్లబడి, వేలితో నొక్కితే తడిసిన బిస్కత్తులా లోపలికి పోయింది. దాని ముందు నేలమీద అరచేతి వెడల్పున తడి. వాసన సంగతి రాయను; వర్షాకాలంలో మూసివుంచిన గొడుగును తెరిచి చూసిన వారికి తెలుస్తుంది.

నేరం కనబడ్డది. నేరస్థుడు కావాలి గదా!

మా యింట్లో గిన్నెలు తోమేది సుల్తాన్‌పూర్ పాత వూళ్ళో వుండే ఒకామె. పేరు రాయడం న్యాయం కాదు. రెండేళ్ళుగా వస్తున్నది. చెయ్యి కాస్త జోరు. నల్లా తిప్పితే పూర్తిగా తిప్పుతుంది, కడాయి కడిగితే గోడలు కూడా స్నానం చేస్తాయి. మా ఆవిడ ఆ మధ్యాహ్నం ఆమెను నిలబెట్టి అడిగింది: "ఇన్నిన్ని నీళ్ళు పారబోస్తే చెక్క వుంటుందా?" అని. ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ నావైపు చూసింది. పుస్తకం చదువుకుంటున్న వాణ్ణి తలెత్తకుండానే, "కాస్త చూసుకుని చెయ్యాలి గదమ్మా" అన్నాను. తీర్పు చెప్పినట్లు.

"నేను పారబొయ్యలే సారూ," అన్నదామె. "తోమిన నీళ్ళు సింకులనే వోతయి. తలుపు తీసి లోపల పొయ్యనీకె నాకేమన్న పిచ్చా?"

తర్కం ప్రకారం అది తిరుగులేని మాట. నేను పాతికేళ్ళుగా తరగతి గదిలో తర్కం వాడుకుంటున్న వాణ్ణి. అయినా ఆ పూట నాకు అది ఎదురు చెప్పడంగా వినపడింది. ఆమె మిగిలిన గిన్నెలు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సాయంకాలం లిఫ్టు దగ్గర మా ఆవిడ పక్కింటామెతో, "మా చెక్కంతా నాశనం చేసి, అడిగితే అలిగింది" అన్నది. అన్నంతసేపు పట్టలేదు, ఆ పక్కింటివారూ ఆమెను మానిపించారు.

తరవాత తొమ్మిది రోజులు గిన్నెలు మేమే తోముకున్నాం. నిజం చెప్పాలంటే ఎక్కువ నేనే తోమాను. సన్నగా నల్లా తిప్పి, ఒక్కొక్క గిన్నెనూ చంటిబిడ్డకు పోసినట్లు కడిగి, బండమీద పడ్డ ప్రతి చుక్కనూ గుడ్డతో అద్దాను. ఒకనాడు పొద్దున్నే మా అమ్మ పిలిచింది. అమ్మది జోగిపేట వైపు పల్లె. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేదు గాని చూపు మాత్రం చురుకు. కాలి బొటనవేలితో సింకు కింద నేల చూపించింది.

"రాత్రి పండుకునేటప్పుడు నేను తుడిసిన. ఎవ్వలు నల్లా ముట్టలే. మల్ల తడయింది. ఇగ గిప్పుడు ఎవ్వల మీద పెడతవు రా?"

జవాబు చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఆ పూట మొదటిసారిగా, తెలుగు మేష్టరు ఉద్యోగంలో ఎన్నడూ అవసరం పడని ఒక పని చేశాను: టార్చి పట్టుకుని వంటింటి నేలమీద వెల్లకిలా పడుకున్నాను.

కిందినుంచి చూస్తే వంటిల్లు వేరే లోకం. పైన రెండు నల్లాలు మనకు తెలిసిన సంగతి; కింద ఎన్ని పైపులున్నాయో తెలియదు. గోడలోంచి నీరు వచ్చే చోట చిన్న తిప్పుడు పిడి వుంటుంది, యాంగిల్ కాక్ అంటారు. అక్కణ్ణుంచి నల్లాకు వెళ్ళేది సన్నని కనెక్షన్ పైపు. మంచినీళ్ళ ఫిల్టరుకు దానిలోంచే మరో పాయ. ఇవి నీళ్ళు తెచ్చేవి. మోటారు ఒత్తిడి వీటిలో రాత్రింబవళ్ళు వుంటుంది. తీసుకుపోయేవి వేరు: సింకు రంధ్రానికి బిగించిన కప్లింగ్, దానికింద సీసా ఆకారంలో ట్రాప్, ఆ తరవాత మురుగు పైపు. ట్రాప్‌లో కాసిని నీళ్ళు ఎప్పుడూ నిలిచే వుంటాయి; మురుగు వాసన పైకి రాకుండా ఆ నీళ్ళే అడ్డు. ఈ ఉపాయానికి 1775లో లండన్‌లో పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ కమ్మింగ్ వృత్తిరీత్యా గడియారాలు చేసేవాడు. ఆయన దాన్ని పాయిఖానా కోసం కనిపెట్టాడు, మనం వంటింటికీ తెచ్చుకున్నాం.

సరే, ఎక్కడ కారుతున్నదో తేల్చుకోవడానికి నా వృత్తిలోని సామగ్రినే వాడాను. పాత ఇంటర్నల్ పరీక్షల ప్రశ్నపత్రాలు ఇంట్లో కట్టలున్నాయి. వాటిని అలమర అడుగు పలక మీద పరిచి, ఒక్కొక్క కీలు కింద ఒక్కొక్కటి పెట్టి పడుకున్నాను. చుక్క పడితే కాగితం మీద మచ్చ కనబడుతుంది గదా. తెల్లవారి చూస్తే కాగితాలన్నీ పొడిగా వున్నాయి. నేల మాత్రం తడిసే వున్నది. ఇదెక్కడి చోద్యం!

చోద్యాన్ని విడగొట్టింది ప్లంబరు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు, ఒడిశా నుంచి వచ్చాడు. మన దేశంలో నగరాల్లో నల్లా పని చేసేవారిలో ఎందరో ఒడిశాలోని కేంద్రపడా జిల్లా, పట్టాముండై ప్రాంతం నుంచి వచ్చినవారే; ఆ పని నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా పట్టాముండైలో వున్నది. ఈ కుర్రవాడు పనిముట్టు సంచి విప్పకుండా ముందు మూడు ప్రశ్నలు వేశాడు. నల్లా ముట్టకుండా రాత్రంతా వుంచినా తడి వస్తుందా? సింకు నిండా నీళ్ళు పట్టి ఒక్కసారి వదిలినప్పుడు వస్తుందా? సింకులో పొయ్యకుండా, దాని అంచు చుట్టూ బండమీద చెంబెడు నీళ్ళు పోస్తే వస్తుందా?

మొదటిదానికి అవునంటే దోషం నీళ్ళు తెచ్చే పైపులది. రెండోదానికి అవునంటే తీసుకుపోయే పైపులది. కొంచెం కొంచెంగా వదిలినప్పుడు కారని రబ్బరు వాషరు, నిండు సింకు బరువు పడ్డప్పుడు కారుతుంది. మూడోదానికి అవునంటే పైపులు నిర్దోషులు. సింకుకూ బండకూ మధ్య పూసిన సిలికాన్ వదిలిందన్నమాట. విద్యార్థులు మూల్యాంకనం అనే మాటను కాపీ పుస్తకాల్లో పదిసార్లు రాస్తారు గాని, ఇంత శుభ్రంగా ప్రశ్నను విడగొట్టడం నేను చాలాకాలంగా చూడలేదు.

మాకు మొదటి ప్రశ్నే తగిలింది. అతను టాయిలెట్ కాగితం ముక్కలు చించి, ప్రతి నట్టుకూ కింద పైపు చుట్టూ ఉంగరంలా చుట్టాడు. మేము టీ తాగి వచ్చేలోగా ఫిల్టరు పాయ నట్టు కింది ఉంగరం తడిసి జారింది. చుక్క కింద పడటం లేదు. పైపు వెంబడే తీగను పాకే చీమలా దిగి, పైపు కోసం అడుగు పలకలో చేసిన రంధ్రం గుండా పలక కిందికే పోతున్నది. అందుకే పైన పరిచిన నా ప్రశ్నపత్రాలు పొడిగా వుండిపోయాయి. పై ముఖం పొడి, అడుగు ముఖం తడి.

నట్టు విప్పితే లోపలి వాషరు చుట్టూ సున్నంలా తెల్లని పొర. మాకు వచ్చేది బోరునీళ్ళు. వాటిలో కరిగివున్న సున్నపు లవణాలు ఎక్కడ చుక్క ఆరితే అక్కడ పేరుకుంటాయి, వాషరు సమంగా ఆనకుండా చేస్తాయి. మా ప్రాంతానికి నీటితో తగువు కొత్త కాదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు మీద 1990లోనే సుప్రీంకోర్టులో దావా పడింది. ఆ పెద్ద తగువు ముందు మా నట్టు తగువు ఏపాటిది? కొత్త వాషరుతో పది నిమిషాల్లో తీరిపోయింది. ఆ కుర్రవాడు పోతూ పోతూ రెండు మాటలు చెప్పాడు. రబ్బరు వాషరు వున్న నట్టుకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు, టేపు వుండవలసింది మరల మీద మరలు బిగిసే చోటనే. ప్లాస్టిక్ నట్టును చేత్తో బిగించి, స్పానరుతో ఒక్క పిసరు తిప్పి వదలాలి; మరీ బలం చూపిస్తే పగులుతుంది, పగులు ఆ రోజు కనబడదు.

కూర్చుని లెక్క వేశాను. అయిదు సెకన్లకు ఒక చుక్క అనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు గనక 17,280 చుక్కలు. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు చొప్పున 864 మిల్లీలీటర్లు. అంటే రోజూ మా అలమర అడుగుకు లీటరుకు కాస్త తక్కువగా నీళ్ళు పట్టిస్తూ, గిన్నెలు తోమే మనిషి చేతివైపు చూస్తూ కూర్చున్నామన్నమాట!

ఆ సాయంకాలమే మా ఆవిడా నేనూ పాత వూళ్ళోకి వెళ్ళాం. దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆమె ఇంటిముందు వాకిట్లో గిన్నెలు కడుగుతున్నది. అక్కడ అలమరా లేదు, తలుపూ లేదు. నాలుగు ఇటుకల మీద వాలుగా పెట్టిన తాండూరు బండ, దాని చివర చిన్న కాలువ, కాలువ వెంట ఒక జామచెట్టు. మమ్మల్ని చూసి లేచి, ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించింది. నట్టు సంగతి చెప్పాను. తప్పు మాదేనన్నాను. ఆమె కోప్పడితే బాగుండునని నాకనిపించింది.

"మీరు సూడలే సారూ," అన్నది నెమ్మదిగా. "సూస్తె తెల్సిపోవు."

కాసేపాగి తన షరతులు చెప్పింది. తొమ్మిది రోజుల పైసలు కోయవద్దు. ఇకనుంచి తాను పని మొదలుపెట్టే ముందు అమ్మ గాని సారు గాని ఆ తలుపు తీసి చూడాలి, తాను పోయేటప్పుడు మళ్ళీ చూడాలి. మా ఆవిడ అన్నిటికీ ఒప్పుకుని, పక్కింటివారికి కూడా నిజం చెప్తానన్నది. చెప్పింది కూడా, ఆ రాత్రే. వాళ్ళు పాపం చాలా నొచ్చుకున్నారు. అయితే అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నారు, ఆ మనిషిని మానిపించడం ధర్మం కాదన్నారు. ఆ మాటా నిజమే.

నాకు ఆ వాకిట్లోని బండ కళ్ళలో నిలిచిపోయింది. ఎన్నేళ్ళనుంచి నీళ్ళలో నానుతున్నదో! ఉబ్బలేదు, కుళ్ళలేదు. మా చిన్నప్పుడు జోగిపేటలో మా యింట్లోనూ గిన్నెలు తోమే చోటుకు తలుపుల్లేవు. జలదారి అనే మాట వుంది మనకు. నోళ్ళలో నలిగి జాలారి అయింది. జలానికి దారి. ఎంత తెలివైన పేరు చూడండి! నీళ్ళు పడతాయి, కనక పోయే దారి చూపించు అన్నదే అందులోని శాస్త్రం. మేము చేసిందేమిటి? దారిని చెక్కపెట్టెలో పెట్టి, తలుపు మూసి, పైన సన్‌మైకా వేశాం.

ఇలా వంటింటిని పెట్టెలు పెట్టెలుగా గోడకు బిగించే పద్ధతికి మూలపురుషుడు కాదు, మూలస్త్రీ వున్నది. మార్గరెట్ షూట్టె లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా దేశపు ఆర్కిటెక్టు 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరపు కొత్త ఇళ్ళకోసం ఒక వంటింటిని గీసింది. అటువంటివి సుమారు పదివేలు కట్టారు. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి అదే ముత్తవ్వ. ఆమె చెక్కను ఊరికే వాడలేదు. పిండి పోసుకునే సొరుగులకు పురుగు పట్టదని ఓక్ చెక్క, తరిగే బల్లకు బీచ్ చెక్క అని ఏ పనికి ఏది తగునో ఆలోచించింది. మనవాళ్ళు పెట్టెలు తెచ్చుకున్నారు గాని ఆ ఆలోచనను మాత్రం వెనకే వదిలేశారు.

ఈ మాట నాతో అనిపించింది పాత వూరి వడ్లాయన. మా అడుగు పలకను ఊడదీసి, గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి, అంచు విరిచి చూపించాడు. ప్లైవుడ్ అని డబ్బు పుచ్చుకున్నది నిజానికి చెక్కపొట్టు పలక. చెక్క పేళ్ళను జిగురుతో కలిపి అదిమి చేస్తారు. పార్టికల్ బోర్డు అంటారు. అదిమిన పేళ్ళకు నీరు తగలగానే స్ప్రింగుల్లా పైకి లేస్తాయి, ఆరినా మళ్ళీ అణగవు. మెత్తని నారతో చేసిన ఎం.డి.ఎఫ్. పలకదీ ఇంచుమించు ఇదే కథ. అసలు ప్లైవుడ్ అంటే పొరమీద పొర, ఒకదాని నార నిలువు, తరవాతదాని నార అడ్డం. నారలు ఎదురెదురుగా పట్టుకుని వుంటాయి గనక ఆ పలక అంతగా వంకరలు పోదు.

అందులోనూ జిగురును బట్టి తరగతులున్నాయి. యూరియా జిగురు చవక, తడికి ఆగదు. ఫినాల్ జిగురు ఆగుతుంది. 1907లో బేకలాండ్ బేకలైట్ కనిపెట్టిన రసాయనమే దానికీ తల్లి. పలక అంచున పొరల మధ్య ముదురు గోధుమరంగు గీతలు కనబడితే ఫినాల్ అనుకోవచ్చునని వడ్లాయన చెప్పాడు గాని, ఒక్క రంగునే నమ్ముకోవద్దనీ అన్నాడు. పలక మీద ఐ.ఎస్. 710 అని ముద్ర చూడాలి. మెరైన్ ప్లైవుడ్ అంటారు. ఆ జిగురు నమూనాను 72 గంటలు మరిగే నీళ్ళలో వుంచి పరీక్ష చేస్తారు. దుకాణంలో బీ.డబ్ల్యూ.పీ. అనీ, బాయిలింగ్ వాటర్ ప్రూఫ్ అనీ చెప్పేది దీన్ని గురించే. ఎం.ఆర్. అని ముద్ర వున్నది గాలిలో చెమ్మకు తట్టుకునేది మాత్రమే. హాల్లో పుస్తకాల అలమరకు చాలు, సింకు కిందికి చాలదు.

ఇక్కడ ఒక మెలిక వున్నది. వాటర్ ప్రూఫ్ అన్నది జిగురును గురించిన మాటే గాని చెక్కను గురించిన మాట కాదు. పొరలు వూడిరావు, నిజమే. కాని చెక్క చెక్కే. తేమ 20 శాతం దాటి రోజుల తరబడి అలాగే నిలిస్తే బూజూ పడుతుంది, కుళ్ళూ పడుతుంది, చెమ్మను వెతుక్కుంటూ చెదలూ వస్తాయి. వడ్లాయన దీన్ని నాకంటే బాగా చెప్పాడు: "చెక్క నీళ్ళు తాగుతది సారూ, తాగనియ్యి. తాగినంక ఆరాలె. మీరు దాన్ని ఆరనియ్యలేదు."

మరి ఏం చేశామో చెప్తాను. అడుగు పలక తీసేసి చెక్క అన్నదే పెట్టలేదు. రెండు పక్కల ఇటుక వరసలు, వాటి మీద నల్లని కడప రాయి. తలుపు వైపుకు పావు అంగుళం వాలు. ఈ వాలు చాలా ముఖ్యం సుమండీ! వెనక్కు వాలితే నీళ్ళు గోడలో దాక్కుంటాయి. ముందుకు వాలితే మన కాలికి తగిలి కబురు చెప్తాయి. పైపులు ఇకమీదట రాయిలోంచి కాకుండా గోడ పక్కనుంచే పోయేటట్లు మళ్ళించాం. నల్లబడ్డ అడుగుపట్టీ బదులు గ్రానైటు ముక్క. పక్క పలకలు చెడలేదు గనక వుంచుకున్నాం. కాని వాటి కోసిన అంచులకు, మరల రంధ్రాలకు వార్నిషు మూడుసార్లు పట్టించాడు. నీరు పలక ముఖంలోంచి దూరదు, కోసిన అంచులోంచి దూరుతుంది. చెక్క నారల కొసలు అక్కడే నోళ్ళు తెరిచి వుంటాయి. తలుపు కింది భాగంలో గాలి ఆడటానికి నాలుగు చీలికలు కోయించాం. మా ఆవిడ మొదట అందం పోతుందన్నది, తరవాత తనే వాటికి చిన్న ఇత్తడి జాలీ తెచ్చి బిగించింది.

కడప రాయి, తాండూరు బండ రెండూ సున్నపురాళ్ళే. వాటిమీద బాత్‌రూము యాసిడ్ పొయ్యకండి, వెనిగర్‌తో రుద్దకండి, పొంగి తినేస్తుంది. సబ్బునీళ్ళు చాలు.

అద్దె ఇళ్ళవారు, చెక్క ఊడదీసే వీలులేనివారు ఏం చెయ్యాలంటారా? అడుగున రబ్బరు షీటో, బల్ల గుడ్డో పరిచి నిశ్చింతగా వుండవద్దు. షీటు అంచునుంచి కిందికి దిగిన నీరు మళ్ళీ పైకి రాలేదు. దానికి మీరే మూత వేసినట్లవుతుంది. దానికంటే రెండు అంగుళాల అంచు వున్న వెడల్పాటి స్టీలు పళ్ళెమో, ప్లాస్టిక్ ట్రేయో పైపుల కింద పెట్టండి. వారానికొకసారి బయటికి తీసి, అడుగున చెయ్యిపెట్టి చూడండి. పైపు వెళ్ళే రంధ్రం చుట్టూ, ఆ రంధ్రపు పచ్చి అంచుకూ సిలికాన్ పట్టించండి. అంతకంటే ముందు, అక్కడ దాచిన సామాన్లలో సగం బయట పారెయ్యండి. నిండా కుక్కిన అలమరలో ఎక్కడ కారుతున్నదో బ్రహ్మకు కూడా కనబడదు.

సింకు అంచున సిలికాన్ పుయ్యడం మీ చేత్తో చేసుకోగల పనే. పాతదాన్ని పూర్తిగా గీకెయ్యాలి. పాత సిలికాన్ మీద కొత్తది అంటదు. అంచు బాగా ఆరాలి. పూశాక ఒక రోజు నీళ్ళు తగలనివ్వకూడదు. మా యింట్లో ఆ ఒక్కరోజు హోటలు భోజనం దొరికినందుకు పిల్లలు ఏటా సిలికాన్ పుయ్యమంటున్నారు.

ఫిల్టరు పాయకూ యాంగిల్ కాక్‌కూ నెల కొకసారి కాగితపు ఉంగరం పరీక్ష పెడుతున్నాను. ఊరు వెళ్ళేటప్పుడు యాంగిల్ కాక్ తిప్పి కట్టేస్తున్నాం. నాలుగేళ్ళుగా దాన్ని తిప్పవచ్చునని కూడా మాకు తెలియదు. ఎప్పుడూ తిప్పకపోతే ఆ పిడి కూడా సున్నం పట్టి బిగుసుకుపోతుందని ప్లంబరు కుర్రవాడు చెప్పాక తెలిసింది.

ఆమె మళ్ళీ వస్తున్నది. పక్కింటి పని పోయినందుకు నెలకు తగ్గిన డబ్బు మాత్రం ఇంకా పూడలేదు. కింది అంతస్తులో ఒకరింట చెప్పి చూశాం, సంక్రాంతి తరవాత చూద్దామన్నారు. షరతు ప్రకారం రోజూ ఆమె రాగానే నేను కాలేజీ సంచి పక్కన పెట్టి, ఆ తలుపు తెరిచి వంగుతాను. రాయి మీద ఇప్పటికీ ఒక ప్రశ్నపత్రం పరిచి వుంచుతున్నాను. మొన్న నాకు ఆలస్యమై చూడకుండానే మెట్లు దిగబోతుంటే, కొంగు దోపుకుని గడపలోనే నిలబడింది.

"సారూ, సూసిపోండ్రి."

సంచి దించి, వెనక్కు వచ్చి చూశాను. కాగితం పొడిగానే వున్నది. ఆమె నల్లా తిప్పింది, ఎప్పటిలాగే పూర్తిగా.